పెదవి తర్వాత మాట

ఆ ఏడాది ఈస్టర్ ముందు శ్రమ దినాలు మొదలయ్యేసరికి మా ఆయన బిల్లీ దగ్గర ఒక్క మాట మిగిలింది. "ఆగు."

క్రిస్మస్ వెళ్లాక పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి బరువుగా వేలాడేది. మాటలన్నీ పోయి అదొక్కటే నిలిచింది. మంచినీళ్లు కావాలన్నా ఆగు, ఫ్యాను కట్టేయమన్నా ఆగు, వాళ్లమ్మ ఎల్సీ తల నిమిరితే విసుగ్గా అనేదీ ఆగు. పెళ్లికొడుకు దండ ఎత్తినప్పుడు, పెళ్లికూతురు కారులోంచి కాలు కింద పెట్టినప్పుడు, కెమెరా వెనక నుంచి ఏళ్ల తరబడి అన్న మాట అది. అంతగా వాడిన మాట కాబట్టి పోలేదేమో అనుకునేదాన్ని. నా పేరు కూడా రోజూ వాడిన మాటే. అది పోయింది.

బీరంగూడలో మా ఇంటి ముందుగదే స్టూడియో. పెళ్లి వీడియోల మిక్సింగ్ అంతా అందులోనే. ఆ పాత కంప్యూటరు, అందులో అంతకంటే పాత సాఫ్ట్‌వేరు. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి పళ్లూడిన చిగుళ్లలా ఉండేది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకు, ఎవరూ పిలవకుండానే, గోడ పట్టుకుని వెళ్లి దాని ముందు కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. చెంచా ఎటువైపు పట్టుకోవాలో వెతుక్కునే మనిషి. అయినా ఎడమ చెయ్యి ఆ అరిగిన మీటల మీద పడగానే పరుగెత్తింది. కోసింది, జరిపింది, అతికించింది. నిరుడు సగంలో ఆగిపోయిన ఒక పెళ్లిలో పాట దరువుకు సరిగ్గా తలంబ్రాలు రాలాయి.

ఆ సంగతి చెబితే మాటలు నేర్పే డాక్టరమ్మ సంతోషించింది. చేతికి తెలిసింది మాటలు ఉండే చోట ఉండదట, మెదడులో వేరే చోట ఉంటుందట. అది బాగానే ఉంది, రోజూ వాడనివ్వండి, ఆపితే అదీ పోవచ్చు అంది. ఆమె చెప్పిన వాటిలో నాకు చివరి ముక్కే చెవిలో ఉండిపోయింది. సుల్తాన్‌పూర్‌లో ఆసుపత్రి సామాను చేసే మా కంపెనీలో రోజంతా భూతద్దం కింద సన్నటి గొట్టాలు తిప్పి తిప్పి పగుళ్లు వెతకడం నా పని. చూపు గొట్టం మీద, మనసు ఆ ముక్క మీద.

అక్కడ మేమంతా కళ్ల వరకే మనుషులం. తలకు టోపీ, ముఖానికి మాస్కు. ఒక సాయంత్రం రోడ్డంతా టిప్పర్ల దుమ్ము ఉండి బస్సులో మాస్కు తీయలేదు, అలాగే ఇంట్లోకి వచ్చేశాను. బిల్లీ మంచం మీద కూర్చుని ఉన్నాడు. తిన్నావా, మందులు వేసుకున్నావా అని ఏదో అడుగుతున్నాను. నా కళ్లలోకి చూస్తూ విన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అలా చూడటం అదే మొదటిసారి. ఆ సంతోషంలో మాస్కు తీసి దగ్గరికి వెళ్లి మళ్లీ మాట్లాడాను. ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు.

ముఖం తిప్పుకోవడం అప్పటికే అలవాటైంది. నేను మాట్లాడితే గోడ వైపు చూసేవాడు, లేకపోతే ఒళ్లో చేతుల వైపు. కానీ ఆ రోజు తేడా కళ్లారా చూశాను. వంటింట్లో స్టీలు గిన్నెలో నా ముఖం చూసుకున్నాను. ఇందులో ఏం ఉంది, అంత చూడలేనిది?

*

మా చర్చిలో శ్రమ దినాల్లో పెళ్లిళ్లు ఉండవు. ఈస్టర్ దాటగానే వరసగా మొదలవుతాయి. మొదటి పెళ్లి దావీదు సార్ కూతురు హన్నాది. సార్ బడిలో బిల్లీకి లెక్కలు చెప్పాడు, చర్చిలో పెద్ద. మా ఇంటికి వచ్చి, బిల్లీ చెయ్యి తన చేతిలో పెట్టుకుని కాసేపు ప్రార్థన చేసి, నా వైపు తిరిగాడు.

"వీడియో మనోడే చెయ్యాలె, గ్లోరియా. ఎవరు తీసినా సరే. కూర్చేది మాత్రం బిల్లీనే."

దయతో అన్నాడో నమ్మకంతో అన్నాడో తెలియదు. నాకు రెండూ ఒకటే.

చిక్కు కెమెరాతో వచ్చింది. బిల్లీ టేపు కెమెరా లోపల అరిగిపోయి బొమ్మ గళ్లు గళ్లుగా పగిలేది. బాగుచేసేవాళ్లు సామాను రాదన్నారు. ఇప్పటి కెమెరాలు చిప్పులో రాస్తాయి. ఆ ఫైలు బిల్లీ సాఫ్ట్‌వేరులో పెడితే తెర నల్లగా ఉంటుంది, మాట మాత్రం వినిపిస్తుంది. బిల్లీ తమ్ముడు రాకీ పెద్ద పెళ్లిళ్లకు కొత్త కెమెరాలతో వెళ్తాడు. పాతదంతా పక్కన పెట్టమని తన ల్యాప్‌టాప్ తెచ్చి అన్న ముందు పెట్టాడు. బిల్లీ చెయ్యి తనకు తెలిసిన మీట నొక్కింది. అక్కడ అది ఇంకో పని చేసింది. తెర మీది పెళ్లంతా ఒక్కసారిగా మాయమైంది. తిరిగి తెచ్చుకోవచ్చని రాకీ చెబుతూనే ఉన్నాడు. బిల్లీ ఆ చేతిని ఒంటి కిందకు తోసి దాని మీద కూర్చున్నాడు, తప్పు చేసిన పిల్లాడిని దాచినట్టు.

అందుకని ఆ సాఫ్ట్‌వేరుకు సరిపోయే కెమెరా వెతకడం మొదలుపెట్టాను. నాకు కెమెరాల గురించి ఏమీ తెలియదు. పటాన్‌చెరులో ఒక షాపతను చిన్న కెమెరా చూపించి ఏ కంప్యూటరులోనైనా నడుస్తుందన్నాడు. నా చెవి గొలుసులు అందులోకి వెళ్లాయి. రాకీ ఆ ఫైలును పాత సాఫ్ట్‌వేరుకు అర్థమయ్యేలా మార్చి ఇస్తానన్నాడు.

పరీక్షకు మా అత్తమ్మ ప్రార్థన తీశాం. ఆమె ప్రార్థన మొదలుపెడితే ఊళ్లో ఎవరినీ వదలదు. కొలువులు లేనివాళ్లు, కాళ్ల నొప్పులవాళ్లు, మా కంపెనీ మేనేజరు, అందరూ వస్తారు. రాకీ ఫైలు మార్చాడు. బొమ్మ వచ్చింది. బిల్లీ కుర్చీలో ముందుకు వంగాడు. ఎడమ చెయ్యి మీటల మీదకు వచ్చింది. నేను లోపల దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటున్నాను.

మొదట్లో బాగానే ఉంది. పోను పోను మాట వెనకబడింది. అత్తమ్మ పెదవులు ఒకటి అంటుంటే అంతకుముందు అన్నది వినిపించేది. చివరికి తెర మీద ఆమె కళ్లు తెరిచి, నోరు మూసి, కొంగు సర్దుకుంటోంది. అప్పుడు వచ్చింది, ఎక్కడి నుంచో, "ఆమేన్."

బిల్లీ ముఖం తెల్లబోయింది. అరచేత్తో తన చెవి మీద కొట్టుకున్నాడు. ఇంకోసారి, గట్టిగా. వైరు పట్టి గుంజేశాడు.

ఆ రోజు నుంచి కంప్యూటరు గదిలోకి రాలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే రెండు ముద్దలు. ఎడమ చెయ్యి కూడా కుడి చెయ్యి పక్కన చేరి పడుకుంది.

రాకీ ఆ వీడియో మళ్లీ చూసి తల పట్టుకున్నాడు. మాట జారిపోవడం తనకూ కనిపిస్తోందన్నాడు. మార్చేటప్పుడు అలా అవుతుందట. ఆ కెమెరా ఎలా మార్చినా అంతేనట. నాకు ఆ మాట పట్టుకొమ్మలా దొరికింది. మంచం పక్కన కూర్చుని బిల్లీ వీపుకు చెప్పాను.

"నీ తలకాయది కాదు తప్పు. కెమెరాది. రాకీ గూడ చూసిండు, నేను గూడ చూసిన. మంచి కెమెరా తెస్త. మాట, మూతి ఒక్కటే కాడ ఉంటయి. నా మాట నమ్ము."

వీపు కదల్లేదు. కానీ ఊపిరి ఆపి విన్నాడు. అంత పెద్ద మాట ఎందుకిచ్చానో అప్పుడు ఆలోచించలేదు. బయట ఎక్కడో ఒక వస్తువులో తప్పు ఉండటం నాకే ఎక్కువ అవసరమైంది. వస్తువైతే మార్చుకోవచ్చు.

*

తర్వాత రోజులు ఆటోల్లో గడిచాయి. షాపువాళ్ల మాట నమ్మే దశ దాటిపోయింది. బిల్లీ కంప్యూటరు డబ్బానే దుప్పట్లో మూటకట్టి ఒళ్లో పెట్టుకుని బయలుదేరేదాన్ని. షాపులో మూట విప్పి, వాళ్ల తెరకు తగిలించి, కెమెరా ముందు చప్పట్లు కొట్టమనేదాన్ని. చేతులు కలిసిన చోటే చప్పుడు రావాలి. అదే నా కొలత. సంగారెడ్డి పాత బస్టాండు వెనక ఒక రిపేరు షాపతను మూట చూసి నవ్వాడు.

"ఏందక్కా, పెండ్లిపిల్లను లేవట్టుకొచ్చిన్రా?"

నవ్వు రాలేదు గానీ అతను మంచివాడు. వంద చప్పట్లయినా కొడతానని కూర్చున్నాడు. అతని దగ్గరున్న ఒక్క కెమెరా బొమ్మా ఆ డబ్బాలో తెరుచుకోలేదు. మధ్యాహ్నమంతా నల్లటి తెర మీద అతని చప్పట్లు విన్నాం.

ఇంట్లో అత్తమ్మ ఊరుకోలేదు. "మొగుని కాడ కూసునుడు తక్కువైంది, కెమెరాల ఎంబడి తిరుగుడు ఎక్కువైంది. ఆ డబ్బకే కట్టుకో పుస్తె," అంది. ఆమె కోపం కొడుకు మీది భయమని తెలుసు. అయినా గుచ్చుకుంది, ఎందుకంటే నిజం ఉంది. ఇంట్లో ఉంటే ఆ వీపు చూడాలి. ఆటోలో ఉంటే ఇంకో షాపు ఉంటుంది.

పని మీద కూడా దెబ్బ పడింది. ఒక గొట్టంలో పగులు చూడకుండా వదిలేశానని సూపర్‌వైజర్ హిందీలో మెల్లగా మందలించాడు. మాస్కు లోపల ఏడ్చాను. ఎవరికీ తెలియలేదు. మాస్కులో అదొక సుఖం.

చప్పట్లు కొట్టిన ఆ షాపతనే ఒకరోజు ఫోను చేశాడు. పోతిరెడ్డిపల్లిలో మొగులమ్మ అని ఒకామె ఉంది, ఆమె భర్తది ఒకప్పుడు స్టూడియో, ఆయన పోయాక సామాను ఎవరికీ ఇవ్వలేదు, అడిగి చూడమన్నాడు. ఈస్టర్‌కు ముందు రోజు, శుభ శుక్రవారం మరునాడు వెళ్లాను.

మొగులమ్మ పెద్దది, నిమ్మళంగా మాట్లాడే మనిషి. నా మూటను, నన్ను చూసి ముందు మజ్జిగ ఇచ్చింది. చెప్పిందంతా విని వంటింట్లోకి వెళ్లి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, తెల్లటి గుడ్డ చుట్టిన కెమెరా పైకి తీసింది. గింజలు జలజలా రాలాయి.

"తడి వట్టకుంట బియ్యంల పెట్టిన. ఆయన గట్లనే పెడుతుండె, వానకాలం. నేను నెలకోసారి తీసి బియ్యం మారుస్త," అంది.

టేపు కెమెరా. వైరు, ఆయన పాత కంప్యూటరు తెర కూడా ఉన్నాయి. డబ్బాకు తగిలించాను. మొగులమ్మ కెమెరా ముందు నిలబడి కొంగు నడుముకు చెక్కుకుంది, ఏదో పరీక్ష రాసేదానిలా. "ఇగో సప్పట్లు కొడుతున్న బిడ్డా, సూడు," అని కొట్టింది. టేపు వెనక్కి తిప్పి, కంప్యూటరులోకి దించి చూశాం. తెర మీద అరచేతులు కలిశాయి. కలిసిన చోటే చప్పుడు. ఆ మాట, ఆమె పెదవులు, రెండూ ఒకటే. మళ్లీ వేశాను. చివరి దాకా ఒకటే.

నేను ఏడుస్తుంటే ఆమె పక్కకు తిరిగి తెర మీద తనను తాను చూసుకుంటోంది. కెమెరాను అమ్మనంది. ఆయన చేతిది, పెళ్లిళ్ల కాలమంతా వాడుకుని తెచ్చి ఇవ్వమంది. వచ్చేటప్పుడు ఒక్కటే అడిగింది.

"ఇది నడిచింది సరే. ఆయన లేవకపోతే?"

లేస్తాడన్నాను. అంత గట్టిగా అన్నానంటే, అదే ప్రశ్న నాలో అప్పటికే ఉండి ఉంటుంది.

*

ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం. ఆరాధన అయి వచ్చాం. అత్తమ్మ వంటింట్లో ఉంది. బిల్లీని చెయ్యి పట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. రానన్నట్టు బరువు వేశాడు, తర్వాత వచ్చాడు. నేనిచ్చిన మాట గుర్తుంది కాబట్టి వచ్చాడనిపించింది.

మొగులమ్మ తెర మీదకు వచ్చింది. కొంగు చెక్కుకుంది. ఇగో సప్పట్లు కొడుతున్న బిడ్డా, సూడు. చప్పట్లు.

నేను బిల్లీని చూస్తున్నాను. కళ్లు చిట్లించాడు. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. మీటల మీదకు రాలేదు. చూపుడు వేలుతో తన పెదవి ముట్టుకున్నాడు. ఆగాడు. తర్వాత చెవి ముట్టుకున్నాడు.

మళ్లీ చూడమన్నాను. మళ్లీ వేశాను. పెదవి. ఆగాడు. చెవి.

"కాదు. ఒక్కటే కాడ ఉన్నది. సరిగ్గ చూడు," అన్నాను. ఇంకోసారి వేశాను. నా గొంతు పెరిగింది. చేతులు చూడు, చప్పుడు విను, పిల్లలకు కూడా కనిపిస్తుంది అంటూ అతని భుజం పట్టి ఊపాను. అతను ముఖం తిప్పుకున్నాడు, ఎప్పటిలా, గోడ వైపు.

అప్పుడు నాలో ఏదో కూలిపోయింది. వేరే కెమెరా లేదు. వేరే షాపు లేదు. నోటి నిండా ఏడుపు వచ్చింది. అత్తమ్మకు వినపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ చేతి వెనక నుంచే అన్నాను.

"ఇగ నాతోని కాదు. ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు."

బిల్లీ తల తిప్పాడు. నా ముఖం వైపు, కళ్లలోకి చూశాడు. జాలిగా చూశాడు.

చెయ్యి తీసి, "ఏంది?" అన్నాను. చూపు వెంటనే పక్కకు జారింది.

చెయ్యి మళ్లీ అడ్డం పెట్టుకున్నాను. బిల్లీ అని పిలిచాను. చూశాడు.

వంటింట్లో కుక్కరు కూత వేసింది. అత్తమ్మ కూర దించమని కేకేసింది. నేను వెళ్లి కూర దించాను.

*

హన్నా పెళ్లి రాకీ మొగులమ్మ కెమెరాతో తీశాడు. తోటి కెమెరావాళ్లు చూసి మ్యూజియంలోంచి తెచ్చావా అన్నారట. టేపు దించడానికి పెళ్లి ఎంతసేపు జరిగిందో అంతసేపు పట్టింది. నేను సెలవు పెట్టి బిల్లీ పక్కన కూర్చున్నాను. ఈసారి నమ్మమని అనలేదు.

వీడియోలో ఊరేగింపు, కారు, పూలు అన్నీ వెళ్లిపోయాయి. అక్కడ పాటలు వేస్తారు, ఎవరి పెదవులూ ఎవరికీ అవసరం లేదు. ప్రమాణాల దగ్గర మాత్రం మా వాళ్లు పాట వేయనివ్వరు. పాస్టరు అయ్యగారు అడిగింది, పిల్లలు చెప్పింది, ప్రతి మాటా వినిపించాలి. తెర మీద అయ్యగారు పుస్తకం తెరిచాడు. బిల్లీ దవడ బిగుసుకుంది. లేచిపోతాడనుకున్నాను. కుర్చీ వెనక నా చెయ్యి పెట్టి, తీసేశాను.

అతని ఎడమ చెయ్యి మీటల మీదకు వచ్చింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత బొమ్మ నుంచి మాటను విడదీశాడు. తెర కింద రెండు గీతలుగా ఉన్నాయి, పైన బొమ్మ, కింద మాట. కింది గీతను ముందుకు జరిపాడు. విన్నాడు. ఇంకొంచెం జరిపాడు. మళ్లీ విన్నాడు. దవడ వదులైంది.

నాకు వినిపించింది ఇది. హన్నా నోరు తెరవకముందే "అంగీకరిస్తున్నాను" అంది. ఆ తర్వాత ఆమె పెదవులు కదిలాయి. అయ్యగారి దీవెన ఆయన కంటే ముందే నడిచింది. ఎంతసేపు చూసినా నా కళ్లు ఒప్పుకోలేదు. రోజూ, నిద్ర లేచిన దగ్గర నుంచి, తల్లి ముఖంలో, నా ముఖంలో అతను చూస్తున్నది దీనికి తిరగేసింది, పెదవి ముందు, మాట తర్వాత.

బిల్లీ పని చేస్తూనే ఉన్నాడు. ఆమేన్ దగ్గర కోసి, దావీదు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం అతికించాడు. అది ఎవరూ చెప్పింది కాదు. అచ్చంగా బిల్లీదే.

రాకీ చూసి కంగారుపడ్డాడు. "వదినా, ఇదెట్ల ఇస్తం? మాట ముందొస్తున్నది," అన్నాడు గొంతు తగ్గించి. అన్నకు చెబుదామా అన్నాడు. వద్దన్నాను. ఆ గీతను వెనక్కి జరిపే మీట ఏదో నాకు చూపించమన్నాను.

అలా నేను మిక్సింగ్ నేర్చుకున్నాను, ఒక్క మీట. బిల్లీ పడుకున్నాక రాత్రి పూట కూర్చుని, అతను కలిపిన మాటలను మళ్లీ విడదీసి, మిగతా లోకానికి సరిపోయే చోట పెడతాను. అతనికి తెలుసా? ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, నేను తిరిగి చూసేసరికి వెళ్లిపోయాడు. దావీదు సార్ వీడియో చూసి వచ్చి, బిల్లీ చెయ్యి చెయ్యే, ఏం తేడా రాలేదన్నాడు. అవునన్నాను.

వానలు పడగానే కెమెరా బియ్యంలోకి తిరిగి వెళ్లింది. వచ్చే పెళ్లిళ్లకు మళ్లీ రమ్మంది మొగులమ్మ. వస్తానని మాట ఇవ్వలేదు. మాటలివ్వడం మానేశాను. డాక్టరమ్మకు పెదవి, చెవి సంగతి చెబితే చాలాసేపు రాసుకుంది. అరుదుగా అవుతుందట. తగ్గుతుందా అంటే చూద్దాం అంది.

మొన్న కంపెనీ బస్సు దిగాను. వాన వెలిసి దుమ్ము లేదు, రోడ్డు కడిగినట్టుంది. అందరూ మాస్కులు తీసేశారు. నేను తీయలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, మంచానికి ఎదురుగా నిలబడ్డాను.

"ఇయ్యాల బస్సుల ఏమైందో తెలుసా?" అన్నాను.

ఏమీ కాలేదు. అయినా చెప్పడం మొదలుపెట్టాను. డ్రైవరు గురించి, కిటికీ దగ్గర సీటు కోసం జరిగిన కొట్లాట గురించి, నోటికొచ్చినట్టు కల్పించి చెప్పాను. బిల్లీ నా కళ్లలోకి చూస్తూ విన్నాడు. చెప్పడం అయిపోయింది. మాస్కు వెనక నా పెదవులు వణుకుతున్నాయి. బట్టలు మార్చుకోవడానికి కదిలాను.

"ఆగు," అన్నాడు.

ఆగాను.